మధ్యలో మేక

మా మామ ధోతికి నేను గంజి పెడుతుంటే ఫోన్ మోగింది. చేతులు రెండూ మోచేతుల దాకా గంజిలో ఉన్నాయి. బండ మీద పెట్టిన ఫోన్ దగ్గరికి వంగి, ముక్కుతో పచ్చ గుర్తును తోసి, మళ్లీ ముక్కుతోనే స్పీకర్ నొక్కాను. ముక్కు ఇంత పని చేస్తుందని తెలిస్తే మా అత్త దానికి కూడా ఏదో ఒక పని పురమాయించేది.

"ఉషారాణి గారేనా అండీ? నా పేరు శ్యామల. నీరజ హోం అప్లయెన్సెస్, ఖమ్మం ఆఫీసు నుంచి. మా దగ్గర సేల్స్ ఉద్యోగానికి మీరు అప్లై చేశారు కదా. ఇప్పుడు మాట్లాడటానికి మీకు వీలవుతుందా?"

వీలవుతుందా! ఈ ఇంటికి వచ్చి పదకొండేళ్లు. ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఈవిడే. నీళ్లు తోడుతుంటే టీ అడుగుతారు, టీ పెడుతుంటే గొడ్డలి ఎక్కడుందని అడుగుతారు, స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడి ఉప్పు డబ్బా ఎక్కడని అడుగుతారు. వీలవుతుందా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఉద్యోగం ఇచ్చే అధికారం నాకుంటే ఆ ఒక్క ముక్కకే శ్యామల మేడంకి ఇచ్చేసేదాన్ని.

"అవుతుంది మేడం," అన్నాను, గంజి కారుతున్న చేతులతో.

"బీకాం అని రాశారు. తర్వాత ఇన్నేళ్లు ఏం చేశారు?"

"ఇంట్లో ఖాళీగానే ఉన్నాను మేడం." అనేశాక నాలుక కరుచుకున్నాను. ఎదురుగా బక్కెట్టులో మా ఆయన ఖాకీ చొక్కాలు, కల్లంలో మిరపకాయలు, పొయ్యి మీద అన్నం, కొట్టంలో పాలు పితకాల్సిన బర్రె. ఖాళీగా ఉన్నది ఒక్క నా నోరే. ఆ సంగతే చెప్పాలి.

తల్లాడ దగ్గర మాదొక తండా. ఇంట్లో లంబాడీలోనే మాట్లాడుకుంటాం, మీ కోసం తెలుగులో చెబుతున్నాను. మామ పేరు తుల్సీరాం, మిర్చి రైతు. అత్త పేరు లాలి. మా ఆయన బాలకృష్ణ కరెంటు లైన్‌మన్. మండలం మొత్తానికి కరెంటు ఇస్తాడు కానీ ఇంట్లో నేను మిక్సీ వేస్తే మాత్రం మీటరు వైపు చూస్తాడు. పిల్లలిద్దరూ గురుకులం హాస్టల్లో ఉంటారు. తండాలో పాతకాలపు పద్ధతి ఒకటి మా ఇంట్లో ఇంకా గట్టిగా నిలబడి ఉంది. కోడలు మామ ముందు తల మీద కొంగు తీయకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఆయన కూడా కోడలిని నేరుగా పలకరించడు. అది మర్యాద. మా అత్త ఇంట్లో ఉంటే ఆమె ద్వారా మాట్లాడుకుంటాం. ఆమె లేకపోతే వాకిట్లో కట్టేసిన మేక ఉంది.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. "మేకా, అన్నం అయ్యిందా?" అంటాడు మామ. "మేకా, అయ్యింది, కాళ్లు కడుక్కొని రమ్మను," అంటాను నేను. "మేకా, పప్పుల ఉప్పు తక్కువైంది." "మేకా, అత్త వేసింది, నేను కాదు." ఈ పదకొండేళ్లలో మేకలు మారాయి, మాటలు మారలేదు. ఇప్పుడున్న మేకకి మా ఇంటి రహస్యాలన్నీ తెలుసు. అది ఎవరికీ చెప్పదు కాబట్టి మా సంసారం నడుస్తోంది.

ఫోన్ రౌండు అయిపోయింది. ఇంకా మూడు రౌండ్లు ఉన్నాయని శ్యామల మేడం చెప్పింది. ఆన్‌లైన్ టెస్టు, ఖమ్మంలో గ్రూపు డిస్కషన్, ఆ తర్వాత మేనేజర్ రవీందర్ సార్ ముందు అమ్మి చూపించడం. అమ్మాల్సింది వాషింగ్ మిషన్లు. ఆ రాత్రి బాలకృష్ణతో చెప్పాను. అన్నం కలుపుతూ నవ్వాడు.

"సేల్స్ అంటే మాట్లాడాలె ఉషా. నీకు నోరేది?"

పెళ్లయిన వారంలో ఈయనే నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మా బా ముందట నోరు తెరవకు. గట్లనే, ఆయనకు ధోతి గంజి పెట్టి ఉంటేనే నచ్చుతది, యాది పెట్టుకో." బా అంటే మా భాషలో నాన్న. నోరు మూయమన్నదీ ఈయనే, నోరు లేదంటున్నదీ ఈయనే. కోపంతో ఆయన కంచం పక్కన పప్పు ఒలకబోశాను. అంతకంటే ఏమీ చేయలేకపోయాను. చేయలేకపోయానే అన్న కోపం ఇంకా ఎక్కువైంది. అప్పుడే అనుకున్నాను, ఈ ఉద్యోగం వస్తుందో రాదో చూసి తీరాలని.

"పోయి చూస్తా," అన్నాను.

"పో. బాకు, యాడికి మాత్రం చెప్పకు. తీసుకోకుంటే ఇజ్జత్ పోతది." యాడి అంటే అమ్మ. ఎవరి ఇజ్జత్తో చెప్పలేదు.

కాబట్టి మా అత్తకి అబద్ధం చెప్పాను. ఫోన్‌లో ఆధార్ అప్‌డేట్ చేసుకోవాలన్నాను.

ఆన్‌లైన్ టెస్టుకి తండాలో నెట్ సిగ్నల్ చాలదు. చేను గట్టు మీద, మోటారు షెడ్డు పక్కన నిలబడితే వస్తుంది. ఎండలో కొంగు నీడలో ఫోన్ పెట్టుకుని రాశాను. లెక్కలు బాగానే చేశాను. తర్వాత మనస్తత్వం ప్రశ్నలు వచ్చాయి. 'మీకు కోపం వస్తే ఏం చేస్తారు? నడకకి వెళ్తాను, సంగీతం వింటాను, స్నేహితులతో మాట్లాడతాను, ధ్యానం చేస్తాను.' నాకు కోపం వస్తే గిన్నెలు తోముతాను. మా ఇంట్లో గిన్నెలు అద్దాల్లా మెరవడానికి కారణం అదే. కానీ ఆ జవాబు వాళ్ల దగ్గర లేదు. ధ్యానం నొక్కాను. 'మీరు ఒంటరిగా గడపటానికి ఇష్టపడతారా?' ఎలా ఉంటుందో తెలిస్తే కదా చెప్పేది! అవును అని నొక్కి పారేశాను. ఎలా పాసయ్యానో దేవుడికే తెలియాలి, ఖమ్మం రమ్మని మెసేజ్ వచ్చింది.

"మళ్ల ఆధారేనా?" అంది అత్త, నేను ఇస్త్రీ చీర కడుతుంటే. "ఎన్నిసార్లు అప్‌డేట్ అయితదే అది? కొత్త వేళ్లు మొలుస్తున్నయా నీకు?"

ఖమ్మంలో వైరా రోడ్డు మీద, బట్టల షాపు పైన ఆఫీసు. గుండ్రంగా వేసిన కుర్చీల్లో అందరూ కుర్రాళ్లే, నేనొక్కదాన్నే చీర. 'పల్లెటూరి కస్టమర్‌కి ధర ముఖ్యమా, నాణ్యత ముఖ్యమా' అని అంశం ఇచ్చారు. నా పక్కన సత్తుపల్లి నుంచి వచ్చిన వీరబాబు అనే అబ్బాయి అందుకున్నాడు. "అండీ, అసలు కస్టమరంటే ఎవరండీ" అని మొదలుపెట్టి ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. ఒకరు ఆపితే ఇంకొకరు. నేను నోరు తెరుద్దామనుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు పెద్ద గొంతుతో అడ్డం వచ్చారు, నేను అలవాటుగా మూసుకున్నాను. టైం అయిపోయింది. పోయింది ఉద్యోగం అనుకున్నాను. అప్పుడు శ్యామల మేడం నా వైపు తిరిగి, "ఉషారాణి గారూ, మీరేం మాట్లాడలేదు. పోనీ, ఇంతసేపు ఎవరెవరు ఏమన్నారో చెప్పగలరా?" అంది.

చెప్పాను. ఎవరు ఏమన్నారో, ఎవరు ఎవరిని కాదన్నారో, వీరబాబు మొదట్లో ధర ముఖ్యమని చివర్లో నాణ్యత ముఖ్యమని ఎలా ప్లేటు ఫిరాయించాడో అంతా చెప్పాను. "అయ్య బాబోయ్, నేను అలా అన్నానాండీ?" అని వీరబాబే ఆశ్చర్యపోయాడు. నోరు మూసుకుని వినటంలో నాకు పదకొండేళ్ల అనుభవం ఉంది మరి. ఫోన్లో ఖాళీగా ఉన్నానని చెప్పింది తప్పే. మేడం ఏదో రాసుకుంది. నన్నూ వీరబాబునీ ఉంచి మిగిలినవాళ్లని పంపించేసింది.

ఆ తర్వాతి రౌండు మాత్రం ఘోరం. లోపల గదిలో రవీందర్ సార్, శ్యామల మేడం ఉన్నారు. సార్ మంచివాడే, నవ్వుముఖం. కానీ మీసాలు నెరిశాయి. "నేనొక పెద్ద రైతునమ్మా. నాకు వాషింగ్ మిషన్ అమ్మండి చూద్దాం," అంటూ తువ్వాలు తీసి తలకి చుట్టాడు. కుర్చీలో కాలు మీద కాలు వేసి, గొంతు సవరించుకున్నాడు. అచ్చం మా మామ దగ్గినట్టే దగ్గాడు.

అంతే. నా చెయ్యి నాకు తెలియకుండానే కొంగు తీసి తల మీద వేసింది. కళ్లు కిందికి దిగాయి. కళ్లు దిగిన చోట టేబుల్ మీద స్టీలు ఫ్లాస్కు ఉంది.

"ఫ్లాస్కూ," అన్నాను, "పెద్దాయనకి చెప్పు. ఈ మిషన్‌లో వేస్తే ధోతి తెల్లగా వస్తుందని చెప్పు."

శ్యామల మేడం చేతిలో పెన్ను కింద పడింది. రవీందర్ సార్ తల మీద తువ్వాలు తీసేశాడు.

"ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?"

"మీతోనే సార్."

"నేను ఇక్కడున్నాను. మీరు ఫ్లాస్కుతో మాట్లాడుతున్నారు."

సిగ్గుతో చచ్చిపోయాను. దాచి ఏం లాభమని ఉన్నదంతా చెప్పేశాను, మేకతో సహా. సార్ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. తర్వాత నవ్వినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. తర్వాత నవ్వు ఆపి అసలు మాట చెప్పాడు. "చూడండమ్మా, మీరు బాగా వింటారు, అది మాకు కావాలి. కానీ ఊళ్లో డబ్బు ఇచ్చే చెయ్యి ఎప్పుడూ మీ మామగారి లాంటి వాళ్లదే. వాళ్ల ముఖం చూసి మాట్లాడకపోతే ఈ ఉద్యోగం కష్టం. ఎల్లుండి డెమో మిషన్ తీసుకుని మీ ఇంటికే వస్తాం. ఆయనకే అమ్మండి. కొనకపోయినా ఫర్వాలేదు. ఆయనతో మాట్లాడితే చాలు, ఉద్యోగం మీది. మేకతో మాట్లాడితే మాత్రం వీరబాబుది."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని వద్దని మెసేజ్ పెడదామా అనుకున్నాను. సగం రాశాను కూడా. మామ అంటే నాకు భయం లేదు. ఆయన చెడ్డవాడు కాదు, నా మీద చెయ్యెత్తిందీ లేదు, తిట్టిందీ లేదు. అసలు నన్ను ఏమీ అనలేదు కదా! నేను నోరు తెరిస్తే ఆయన లేచి వెళ్లిపోతే? తండాలో తలెత్తుకోలేక అత్త ఏడిస్తే? బాలకృష్ణ అదిగో చెప్పానా అంటే? ఒక్కమాట కోసం ఇంత తలనొప్పి ఎవరు పడతారు, వీరబాబుకి వాళ్ల మామతో మాట్లాడమని ఎవరైనా పరీక్ష పెట్టారా అని ఒళ్లు మండింది. తల్లాడలో బస్సు దిగేటప్పటికి మెసేజ్ సగంలోనే ఉంది.

సాయంత్రం అత్తా నేనూ కల్లంలో కూర్చుని తాలు మిరపకాయలు ఏరుతున్నాం. తెల్లబారినవి ఒక పక్కకి, ఎర్రవి ఒక పక్కకి. ఘాటుకి ఇద్దరికీ ముక్కులు కారుతున్నాయి. ఉన్నట్టుండి అడిగాను.

"అత్తా, నువ్వు మీ మామతోని ఎప్పుడన్న మాట్లాడినవా?"

"మాట్లాడిన." కాయలు ఏరుతూనే ఉంది. "ఒక్కపారి. ఆయన సచ్చిపోయిన దినం."

"ఏమన్నవ్?"

"అందరు ఏడుస్తుండ్రు. నేను గూడ ముంగట కూసున్న. ఏమనాల్నో తెల్వలె. మామా, నీకు జొన్నరొట్టె మెత్తగ కావాల్నా, గట్టిగ కావాల్నా అని అడిగిన." కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఘాటుకో, దేనికో. "గన్నేండ్లు చేసిపెట్టిన గదనే. ఎట్ల ఇష్టమో ఎన్నడు తెల్వలె. గప్పుడు అడిగితె ఏం జెప్తడు?"

చెప్పేసి తనే ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఫోన్ తీసి, బస్సులో సగం రాసిన మెసేజ్ చెరిపేశాను.

సార్ అన్న రోజు మధ్యాహ్నం కంపెనీ వ్యాన్ వచ్చి మా వాకిట్లో ఆగింది. రేకుల షెడ్డు కింద మంచం మీద మామ బీడీ కాలుస్తున్నాడు. బాలకృష్ణ అన్నానికి వచ్చి చేతులు కడుగుతున్నాడు. వ్యాన్‌లోంచి రవీందర్ సార్, శ్యామల మేడం దిగారు.

"ఏందే," అంది అత్త నా చెవిలో, అందరికీ వినపడేలా, "ఆధారోళ్లు ఇంటికే వచ్చిండ్రా?"

"ఆధారేంటి?" అన్నాడు సార్.

ఎవరికీ ఏమీ చెప్పే టైం లేదు. డ్రైవరు మిషన్ దించాడు. తెల్లగా, రెండు మూతలతో, షెడ్డు కింద పెట్టారు. బాలకృష్ణ ముఖం మాడిపోయింది. "ఏందిది ఉషా? బా ముందటనా?" అని గుసగుసలాడాడు. అయితే ప్లగ్గు కింద వేలాడటం చూసి, చెయ్యి ఊరుకోక, వంగి కనెక్షన్ ఇవ్వటం మొదలుపెట్టాడు. సార్‌కి నేనే కుర్చీ వేశాను. కొంగు తల మీదే ఉంది. మామ నన్ను చూడలేదు. మేక వైపు తిరిగాడు. బయటివాళ్లు ఉన్నారని తెలుగులోనే అడిగాడు.

"మేకా, ఎవరీళ్లు? గీ డబ్బ ఏంది?"

"మేకా," అన్నాను నేను. పదకొండేళ్ల అలవాటు, నాలుక దానంతటదే తిరిగింది. కంటి కొసన రవీందర్ సార్ పెన్ను మూత తీయటం కనిపించింది.

ఆగిపోయాను. ఖమ్మం నుంచి తెచ్చుకున్న మాటలన్నీ బట్టీ పట్టి ఉన్నాను. ఎంత నీళ్లు పడుతుంది, ఎంత కరెంటు కాలుతుంది, గ్యారంటీ ఎంత. ఒక్కటీ గుర్తు రాలేదు. మంచం మీద కూర్చున్న మనిషి ముసలివాడయ్యాడని మాత్రం మొదటిసారి కనిపించింది. ఈయన కాలికి ముల్లు గుచ్చుకుంటే వేడినీళ్లు పెట్టాను, జ్వరం వస్తే జావ కాచాను, ఈయన మనవల్ని కన్నాను, కానీ ఈయన కళ్లు ఏ రంగులో ఉంటాయో నాకు తెలియదు. ఇలాగే ఇంకో ఇరవై ఏళ్లు నడుస్తుంది. ఏదో ఒక రోజు ఈయన్ని ఇదే వాకిట్లో పడుకోబెడతారు. అప్పుడు నేను కూడా ముందు కూర్చుని, జవాబు చెప్పలేని మనిషిని అడుగుతాను. వద్దు. నాకు ఆ బతుకు వద్దు. బతికుండగానే అడుగుతాను. కొంగు తల మీదే ఉంచుకున్నాను, అది నాకు అడ్డం కాలేదు. తల మాత్రం ఎత్తాను.

"మామా," అన్నాను. "నీ ధోతి గంజి పెట్టి కావాల్నా, మెత్తగ కావాల్నా?"

బీడీ జారి కింద పడింది. అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. బాలకృష్ణ ప్లగ్గు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మామ సాయం కోసం మేక వైపు చూశాడు. మేక అటు తిరిగి పడుకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు, మంచం కోడు చూశాడు, తన ధోతి అంచు చూసుకున్నాడు. లేచి వెళ్లిపోతాడనే అనుకున్నాను. అప్పుడు ఆయన తల ఎత్తి నా ముఖం చూశాడు. తేనె రంగు కళ్లు.

"మెత్తగ," అన్నాడు. "గంజి గుచ్చుకుంటది బిడ్డా. నడుము కాడ దద్దుర్లు లేస్తయ్."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది?"

"ఎవలికి జెప్పాలె? నువ్వు ముచ్చటపడి పెడుతున్నవేమో అనుకున్న. కోడలు మనసు ఎందుకు నొప్పియ్యాలె అని కట్టుకున్న."

నేను బాలకృష్ణ వైపు తిరిగాను. ఆయన ప్లగ్గులోకి తల దూర్చి ఏదో పెద్ద రిపేరు చేస్తున్నట్టు నటిస్తున్నాడు. పదకొండేళ్లు! అన్నం వార్చటం, గంజి వడగట్టటం, ముంచటం, పిండటం, ఆరేయటం, కర్రలా బిగిసిన దాన్ని నీళ్లు చిలకరించి మడతపెట్టటం. ఇటు నాకు నడుము నొప్పి, అటు ఆయనకు నడుము దద్దుర్లు. మధ్యలో మా ఆయన చిన్నప్పుడెప్పుడో చూసి చెప్పిన ఒక్క మాట. ఏడుపు, కోపం, నవ్వు మూడూ ఒకేసారి వచ్చాయి. నవ్వు ముందు బయటపడింది. నేను నవ్వటం చూసి మామ కూడా నవ్వాడు. ఆయనకి కింద రెండు పళ్లు లేవని నాకు అప్పుడే తెలిసింది.

ఇక మాటలు వాటంతటవే వచ్చాయి. "మామా, భుజం మీది తువ్వాల ఇటియ్యి," అని చొరవగా అడిగి తీసుకున్నాను. తాడు మీద ఉన్న మురికి ధోతి కూడా మిషన్‌లో వేసి, నీళ్లు పోసి, సబ్బు పొడి వేసి, గుండీ తిప్పాను. మిషన్ గుర్రుమని తిరగటం మొదలైంది. అత్త దాని పక్కనే, చేతులు ముందుకు పెట్టుకుని, ఏదో అందుకోవటానికన్నట్టు నిలబడింది.

"ఇప్పుడు నేనేం జెయ్యాలె?" అంది.

"ఏం చేసేదుంది అత్తా? కూసో."

"కూసోని?"

"ఊకె కూసో."

అత్తకి అర్థం కాలేదు. ఎక్కడ కూర్చోవాలో తెలియక చుట్టూ చూసింది. చివరికి మంచం పట్టె మీద, మామ ఉన్న మంచం మీదే, కొసకి కూర్చుంది. మిషన్ తిరుగుతుంటే రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉంది. పనిలేని ఆమె చేతుల్ని నేను అంతకుముందు చూడలేదు. శ్యామల మేడం కూడా రాసుకోవటం ఆపి ఆమెనే చూసింది.

ధోతి తీసి దులిపి చూపించాను. మామ వేళ్లతో తడిమాడు. ఆ తర్వాత గొంతు మార్చి, మిర్చి బేరగాళ్లతో మాట్లాడే గొంతుతో, నన్నే అడిగాడు.

"ధర తగ్గదా బిడ్డా?"

"తగ్గదు మామా."

"ఇంటోడికి గూడనా?"

"ఇంటోడికి గూడ."

"కొను," అంది అత్త మంచం మీదినుంచి లేవకుండానే. "కొనకుంటే రేపటి సంది నీ ధోతి నువ్వే పిండుకో."

మామ మళ్లీ నవ్వి, సరే రాసుకోమన్నాడు. బిల్లు ఎవరి పేరు మీద రాయాలని శ్యామల మేడం అడిగితే లాలి అని చెప్పాను. అత్త తన పేరు తనే ఒకసారి పలికి చూసుకుంది.

రవీందర్ సార్ లేచి నాకు చెయ్యి కలిపాడు. "శభాష్ అమ్మా. ఉద్యోగం మీదే," అన్నాడు. నా గుండె గంతులేసింది. తర్వాత ఆయన బాలకృష్ణ వైపు తిరిగాడు.

"బాలకృష్ణ గారూ, ఒక్కమాట. ఈమెకి భద్రాచలం, చర్ల వైపు ఊళ్లు ఇద్దామనుకుంటున్నాం. రోడ్లు అంత బాగుండవు. పొద్దున పోతే రాత్రికి గానీ రాలేదు. మీకు అభ్యంతరం లేదు కదా? పంపిస్తారా?"

బాలకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "చూడాలె సార్. ఇంట్ల పని గూడ ఉంటది... బాను ఒక మాట అడగాలె," అంటూ మామ వైపు చూశాడు. మామ మేక వైపు చూశాడు.

నేను అక్కడే ఉన్నాను. తడి ధోతి చేతిలో పట్టుకుని, వాళ్ల ముగ్గురికీ మధ్యలో నిలబడి ఉన్నాను. కస్టమర్ ముఖం చూసి మాట్లాడాలని నాకు నేర్పిన మనిషి, నా ముఖం చూడకుండా నా గురించి అడుగుతున్నాడు. చదువుకున్నవాడు, పట్నంవాడు, మేక కథ విని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వినవాడు.

"సార్," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "మా ఇంట్లో ఒక మేక ఉంది, అది చాలు. మా ఆయన్ని ఇంకో మేకని చేయకండి. పోయేది నేను. నన్ను అడగండి."

ముందు నవ్వింది మా అత్త. కొంగు నోట్లో కుక్కుకుని, మంచం ఊగేలా నవ్వింది. శ్యామల మేడం తల దించుకుంది, ఆమె భుజాలు అదురుతున్నాయి. రవీందర్ సార్ ముఖం ఎర్రబడింది. నిలబడి, కుర్చీ ఎత్తి, నాకు ఎదురుగా తిప్పి వేసుకుని కూర్చున్నాడు.

"తప్పయింది. ఉషారాణి గారూ, చర్ల దాకా వెళ్తారా?"

"వెళ్తాను సార్. సోమవారం నుంచి."

మామ కొత్త బీడీ తీసి, వెలిగించకుండా పట్టుకుని, నన్నే చూస్తున్నాడు. బాలకృష్ణ మాత్రం ఇంకా నిలబడిన చోటే నిలబడి ఉన్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. తడి ధోతి తీసుకెళ్లి ఆ చేతుల్లో పెట్టాను.

"ఆరెయ్యి," అన్నాను. "గంజి అక్కర్లేదంట."